ప్రోబయోటిక్‌లు (బ్రాయిలర్ కోళ్ల దాణాలో)

బ్రాయిలర్ కోళ్ల దాణాలోనో తాగునీటిలోనో కలిపే, మేలుచేసే సజీవ సూక్ష్మజీవులు. లాక్టోబాసిల్లస్, ఎంటెరోకాకస్, బాసిల్లస్ బాక్టీరియాలతో పాటు శాకరోమైసిస్ ఈస్టునూ వాడతారు. హేచరీలో పుట్టిన పిల్లకు తల్లికోడి నుంచి రావలసిన పేగు సూక్ష్మజీవులు అందవు. ఆ ఖాళీలో సాల్మొనెల్లా సులువుగా పాగా వేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దకోళ్ల పేగుల్లోని సూక్ష్మజీవులను పిల్లలకు పట్టిస్తే ఈ ముప్పు తగ్గుతుందని ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు నుర్మి, రంటాలా 1973లో చూపారు. ఈ రంగానికి అది ఒక ముఖ్యమైన పునాది. మేలుచేసే బాక్టీరియా పేగులో చోటునూ పోషకాలనూ ముందే దక్కించుకుంటాయి. లాక్టిక్ ఆమ్లంతో హానికర క్రిములను అణచివేస్తాయి. బాసిల్లస్ సిద్ధబీజాలు పెల్లెట్ దాణా తయారీలోని వేడిని తట్టుకుంటాయి. ఎదుగుదల కోసం యాంటీబయోటిక్‌లు వాడటాన్ని ఐరోపా సమాఖ్య 2006లో నిషేధించాక ప్రోబయోటిక్‌ల ప్రాధాన్యం పెరిగింది. ఫలితం మాత్రం సూక్ష్మజీవి రకాన్ని, మోతాదును, షెడ్డు శుభ్రతను బట్టి మారుతుంది. రోగం ముదిరాక ఇవి మందుకు బదులు కావు.