పాత నాణేల ఆన్‌లైన్ అమ్మకంలో మోసాలు

పాత నాణేలను, నోట్లను అంతర్జాలం ద్వారా అమ్మదలచిన వారిని కొనుగోలుదారుల వేషంలో వచ్చినవారు వంచించడాన్ని పాత నాణేల అమ్మకపు మోసం అంటారు. సాధారణ వ్యాపారంలో మోసపోయే భయం కొనేవారికి ఎక్కువ. ఇక్కడ మాత్రం సొమ్ము రావలసిన అమ్మకందారుడే సొమ్ము పోగొట్టుకుంటాడు. 2021 ఆగస్టు 4న భారతీయ రిజర్వు బ్యాంకు ఈ విషయమై ఒక ప్రకటన విడుదల చేసింది. కొందరు తన పేరును, చిహ్నాన్ని వాడుకొని పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలకు రుసుము, కమిషను, పన్ను అడుగుతున్నారని అందులో హెచ్చరించింది. తాను ఇట్టి వ్యవహారాలు నడపనని, తన తరఫున రుసుము వసూలు చేయడానికి ఎవరికీ అధికారం ఇవ్వలేదని స్పష్టం చేసింది.

అబద్ధపు వెల

మోసానికి పునాది ధర వద్దనే పడుతుంది. వెనుక ట్రాక్టరు బొమ్మ గల ఐదు రూపాయల నోటు, 786 అంకె గల నోటు, 2012లో విడుదలైన వైష్ణోదేవి బొమ్మ గల ఐదు, పది రూపాయల నాణేలు లక్షల రూపాయలు పలుకుతాయని ప్రకటనలు వెలువడుతూ ఉంటాయి. ఇవి లెక్కకు మిక్కిలిగా ముద్రితమైనవి. వీటికి లక్షలు ఇచ్చే సేకర్తలు లేరు. లక్షలు వస్తాయని నమ్మినవానికి రెండు వేల రుసుము స్వల్పంగా కనిపిస్తుంది. అందుకే అమ్మకానికి ముందు వస్తువు అసలు వెల తెలుసుకోవడం అన్నిటికంటే పెద్ద రక్షణ.

తెలుగు ఇండ్లలో తరచు కనిపించేవి బ్రిటిషు కాలపు వెండి రూపాయలు. విక్టోరియా, ఏడవ ఎడ్వర్డు, ఐదవ జార్జి రూపాయలు ఒక్కొక్కటి 11.66 గ్రాములు, అనగా ఒక తులం, తూగుతాయి. వాటిలో వెండి నూటికి 91.7 పాళ్ళు. 'రూపాయెత్తు' అనే తూకపు మాట వీటి నుండే వచ్చింది. 1940 నుండి రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. కనుక తూకాన్ని, సంవత్సరాన్ని చూస్తే లోహపు విలువ ఇంటివద్దనే తేలుతుంది. అంతకు మించిన ధర అరుదైన ముద్రణ, టంకశాల గుర్తు, నాణెం అరగని స్థితి బట్టి వస్తుంది. స్వతంత్ర భారత నాణేలపై సంవత్సరం క్రింద నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాలది, వజ్రపు ఆకారం ఉంటే ముంబైది. చింతపండుతో తోమి మెరిపించిన నాణేనికి సేకర్తలు విలువ తగ్గిస్తారు. పెద్దలు ప్రేమతో చేసే ఈ పనివలన ఎన్నో మంచి నాణేలు పాడయ్యాయి.

మోసం జరిగే తీరు

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ముందస్తు రుసుము. బేరం కుదిరిన తరువాత నమోదు, పన్ను, బీమా, అధికారి సంతకం అంటూ ఒకదాని వెంట ఒకటి సొమ్ము అడుగుతారు. కొంత కట్టినవారు కట్టినది పోతుందనే భయంతో మరికొంత కడతారు.

రెండవది యూపీఐ మోసం. డబ్బు పంపుతున్నామని చెప్పి క్యూఆర్ కోడ్ పంపి, దానిని స్కాన్ చేసి పిన్ నొక్కమంటారు. పిన్ నొక్కేది సొమ్ము పంపడానికే గాని అందుకోవడానికి కాదు. వ్యక్తుల మధ్య సొమ్ము కోరుతూ పంపే కలెక్ట్ అభ్యర్థనలను ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుండి నిలిపివేయించింది. క్యూఆర్ కోడ్ మోసం దానితో ఆగలేదు. ఫోను తెరను చూపించే యాప్‌ను పెట్టించి ఓటీపీ చదవడం, చెల్లించినట్లు దొంగ చిత్రం పంపి నాణెం తెప్పించుకోవడం కూడా కలవు.

నిజంగా విలువైన నాణేనికి మరొక ప్రమాదం ఉన్నది. కొనుగోలుదారుడు అసలు నాణెం ఉంచుకొని, నకిలీ అని వాదిస్తూ వేరొకటి తిప్పి పంపుతాడు. దీనికి విరుగుడుగా నాణెం రెండు వైపులను, అంచును, త్రాసుపై తూకాన్ని దగ్గరగా చిత్రాలు తీయాలి. పొట్లం కట్టి ముద్ర వేసేవరకు ఆపకుండా వీడియో తీసి, పూర్తి విలువకు బీమా చేయించి పంపాలి. పంపేముందు సొమ్ము పడినదా అన్నది వచ్చిన సందేశంలో కాక, స్వయంగా బ్యాంకు ఖాతాలో చూసుకోవాలి. అధిక వెల గల వాటికి పేరున్న వేలం సంస్థ గాని, ముఖాముఖి అమ్మకం గాని మేలు.

చట్టాలు

నూరేండ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం క్రింద పురావస్తువు. దానిని వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయరాదు. విదేశీ కొనుగోలుదారుడు అట్టి నాణేన్ని పంపమని తొందరపెడితే అమ్మకందారుడే నేరస్థుడయ్యే ప్రమాదం ఉన్నది. భూమిలో దొరికిన నాణేలు 10 రూపాయల విలువ దాటితే 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. 2016లో రద్దయిన 500, 1000 రూపాయల నోట్లు మొత్తం పదికి మించి ఉంచుకోవడం 2017 చట్టం ప్రకారం నేరం. అధ్యయనం, పరిశోధన, నాణేల సేకరణ కొరకైతే 25 వరకు ఉండవచ్చు.

ఫిర్యాదు

సొమ్ము పోయిన వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయాలి, లేదా జాతీయ సైబర్ నేరాల ఫిర్యాదుల పోర్టల్‌లో నమోదు చేయాలి. 2021లో ఈ సహాయ సంఖ్య 155260గా ఉండేది. సొమ్ము ఖాతాలు మారుతూ పోకముందే తెలిపితే బ్యాంకు దానిని స్తంభింపజేసే అవకాశం ఉంటుంది. లావాదేవీ సంఖ్య, సంభాషణలు, ఫోను సంఖ్యలు తుడిచివేయక దాచాలి. కంప్యూటరు సాధనాలతో వేరొకరిగా నటించి మోసగించినవారికి సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66డి సెక్షను క్రింద మూడేండ్ల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.