హిమములో లండను వంతెన

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో చలికాలమనగా పొలములపై పొగమంచు, గడ్డిపరకలపై మంచుబిందువులు. నది గడ్డకట్టగా దానిపై మనుష్యులు నడచుట ఇచ్చటివారు చిత్రములలో మాత్రమే చూడగలరు. అట్టి చిత్రమొకటి 1677లో అబ్రహాం హోండియస్ అను డచ్చి చిత్రకారుడు వ్రాసినది. లండను మ్యూజియములో నున్నది. థేమ్సు నదిపై పెద్ద పెద్ద మంచుగడ్డలు, వాని నడుమ జనులు, వెనుక ఇండ్లను మోయుచు నిలిచిన పాత లండను వంతెన అందు కనబడును.

ఆ రాతి వంతెన 1209లో పూర్తియైనది. పాలంపేటలోని రామప్ప దేవాలయమును కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మించెను. రెండును ఇంచుమించు ఒకే యీడు కట్టడములు.

చిత్రమును చూడగానే “ఆ కాలమున చలి హెచ్చు” అని తోచును. అది నిజమే. 16వ శతాబ్దము నుండి 19వ శతాబ్దము వరకు ఐరోపాలో చలి తీవ్రముగా నుండెను. శాస్త్రజ్ఞులు ఆ కాలమును ‘చిన్న మంచుయుగము’ అందురు. కాని కారణము చలి ఒక్కటియేనా?

వంతెన స్తంభములు మిక్కిలి లావు, కమానులు ఇరుకు. అందుచే అది సగము ఆనకట్టవలె పనిచేసి, ఎగువ నీటి వేగమును తగ్గించెను. కొట్టుకొనివచ్చిన మంచుముక్కలు కమానులలో చిక్కి, ఒకదానికొకటి అతుకుకొనెను. కట్ట వెనుక నీరు నిలకడగా నుండునని రామప్ప చెరువును చూచినవారికి తెలిసినదే. పారు నీటిలో పైనీరు, అడుగునీరు కలిసిపోవుచుండును గనుక పైపొర త్వరగా గడ్డకట్టదు. నిలకడ నీటిలో 4 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనున్న బరువైన నీరు అడుగున చేరును. అంతకంటె చల్లని నీరు తేలికయై పైననే నిలిచి, 0 డిగ్రీల వద్ద గడ్డకట్టును.

లండనులో నది మంచుపై చివరి సంత 1814లో జరిగినది. 1831లో వెడల్పైన కమానులతో క్రొత్త వంతెనను తెరచి, పాతదానిని కూల్చివేసిరి. తరువాత కట్టిన గట్లు నదిని కుదించి వేగమును పెంచెను. 1963 నాటి తీవ్రమైన చలికి థేమ్సు ఎగువ భాగములు గడ్డకట్టెను గాని, లండను నడుమ నది గడ్డకట్టలేదు.

కావున పాత చిత్రము వాతావరణమునకు సాక్షియే. కాని సాక్షిని ప్రశ్నింపవలెను. హోండియస్ చిత్రములో మన చూపు మంచుపై నిలుచును. ఆ మంచునకు గల కారణములలో ఒకటి వెనుక నిలిచిన వంతెనయే.