క్రోమాటిక్ ఫాంటసియా మరియు ఫ్యూగ్

క్రోమాటిక్ ఫాంటసియా మరియు ఫ్యూగ్ జర్మన్ స్వరకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ (1685 - 1750) హార్ప్సికార్డ్ కొరకు రచించిన ఏకవాద్య కృతి. ఇది డి మైనర్‌లో ఉన్నది. బాఖ్ రచనల పట్టికలో దీని సంఖ్య బి.డబ్ల్యు.వి. 903. అప్పటికప్పుడు కల్పించి వాయించినట్లు వినిపించే సంగీతమును వ్రాతలో నిలిపిన రచనగా ఇది ప్రసిద్ధి చెందినది.

పేరు మరియు వాద్యము

ఫాంటసియా అనగా నియత రూపమునకు కట్టుబడక కల్పననే ఆధారముగా చేసుకొనిన రచన. క్రోమాటిక్ అను మాటకు మూలము రంగు అను అర్థము గల గ్రీకు పదము. ఏడు స్వరములకే పరిమితము కాక పన్నెండు స్వరస్థానములను విరివిగా వాడుట వలన ఈ పేరు వచ్చినది.

హార్ప్సికార్డ్‌కు హార్మోనియం వలెనే మెట్లు ఉండును. అయితే మెట్టు నొక్కినపుడు లోపలి చిన్న మీటు తీగను మీటును. ఎంత బలముగా నొక్కినను ధ్వని పెద్దగా మారదు. కనుక భావమును స్వరముల వేగము, విరామముల ద్వారానే పలికించవలెను.

రచనా కాలము

బాఖ్ కోథెన్ సంస్థానములో ఆస్థాన సంగీత నిర్వాహకుడుగా ఉన్న 1717 - 1723 మధ్య కాలములో దీనిని రచించి, తరువాత లైప్‌జిగ్‌లో సవరించి ఉండవచ్చునని సాధారణముగా భావిస్తారు. 1720లో మరణించిన మొదటి భార్య మరియా బార్బరా స్మృతిగా వ్రాసినదని కొందరి ఊహ. దీనికి ప్రత్యక్ష ఆధారము లేదు. బాఖ్ స్వహస్తముతో వ్రాసిన ప్రతి లభ్యము కాలేదు. ఇతరులు వ్రాసుకొనిన ప్రతుల వలననే ఈ కృతి నిలిచినది.

నిర్మాణము

ఫాంటసియా 79 బార్లు, ఫ్యూగ్ 161 బార్లు ఉండును.

ఫాంటసియా మెరుపు వేగముతో పైకి, క్రిందికి పరుగెత్తు స్వరములతో మొదలగును. తరువాత తీగకూర్పులు (కార్డ్‌లు) వచ్చును. 49వ బారు నుండి రెసిటేటివ్ భాగము. ఇది నాటకములో పాత్ర మాటలాడినట్లు ఆగి ఆగి సాగును. చివరి బార్లలో ఆధార స్వరము నిలిచి ఉండగా పై తీగకూర్పులు అర్ధస్వరము చొప్పున దిగివచ్చి డి మేజర్‌లో ముగియును.

ఫ్యూగ్ మూడు గళములలో నడచును. ఒకే స్వరవాక్యమును ఒకదాని తరువాత ఒకటిగా గళములు అందుకొనును. డి స్వరమును షడ్జముగా తీసుకొనినచో ఈ వాక్యము పంచమము, శుద్ధ దైవతము, చతుశ్రుతి దైవతము, కైశికి నిషాదములతో వరుసగా ఎక్కును.

వాదకుని పాత్ర

కొన్ని చోట్ల బాఖ్ తీగకూర్పులను మాత్రమే వ్రాసి "ఆర్పెజియో" అని సూచించెను. వాటి స్వరములను ఏ క్రమములో, ఎన్నిసార్లు విడదీసి వాయించవలెనో వాదకుడే నిర్ణయించుకొనవలెను. అందువలన ఈ భాగము ఏ ఇద్దరి చేతిలోను ఒకే విధముగా వినిపించదు. 1819లో గ్రీపెన్‌కెర్ల్ ఈ కృతిని ప్రచురిస్తూ, బాఖ్ నుండి కుమారుడు విల్హెల్మ్ ఫ్రీడెమాన్‌కు, అతని నుండి ఫోర్కెల్‌కు, ఫోర్కెల్ నుండి శిష్యులకు అందిన వాదన పద్ధతిని వివరించెను. 1840లో మెండెల్సన్ తన అక్క ఫానీకి వ్రాసిన లేఖలో ఈ తీగకూర్పులను తాను పియానోపై ఎట్లు వాయించునో తెలిపెను.

కర్ణాటక సంగీతముతో పోలిక

తాళబద్ధము కాని రాగాలాపన, వీణపై తానము విన్నవారికి ఫాంటసియా స్వభావము సులువుగా బోధపడును. స్వేచ్ఛగా సాగిన భాగము తరువాత కట్టుదిట్టమైన ఫ్యూగ్ రావడము ఆలాపన తరువాత కృతి వచ్చుటను తలపించును. అయితే ఆలాపన ఒకే రాగమున నిలుచును. బాఖ్ ఆధార స్వరమునే మాటిమాటికి మార్చును. ఆలాపన వ్రాతలో ఉండదు. ఇది చాలవరకు వ్రాయబడినది.

తరువాతి కాలము

ఫోర్కెల్ 1802లో వెలువరించిన బాఖ్ జీవితచరిత్రలో, ఇటువంటి మరొక రచన కొరకు తాను ఎంతో వెదికినను దొరకలేదని తెలిపెను. జోల్టాన్ కొడాయ్ 1950లో ఫాంటసియాను వయోలా వాద్యమునకు అనువుగా మార్చెను. వాండా లాండోవ్‌స్కా హార్ప్సికార్డ్‌పై, ఎడ్విన్ ఫిషర్ పియానోపై వాయించిన 1930ల నాటి రికార్డులు పేరుపొందినవి.