చిన్న మామిడి తోట, పెద్ద మామిడి తోట: యాజమాన్యంలో తేడా ఎక్కడ?

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి వైపు రెండెకరాల రసాల తోట పక్కనే యాభై ఎకరాల బంగినపల్లి తోట కనిపిస్తుంది. నేల ఒకటే, వాన ఒకటే, పురుగూ ఒకటే. అందుకే చాలామంది చిన్న రైతులు పెద్ద తోటలో మందు కొట్టిన రోజే తామూ కొడుతుంటారు. అనవసరపు ఖర్చు ఇక్కడే మొదలవుతుంది. రెండు తోటలకూ పురుగు ఒకటే అయినా పని చేసే తీరు ఒకటి కాదు. ఏ పని మీరు స్వయంగా చేసుకోవాలి, ఏ పని పక్క రైతులతో కలిసి చేయాలి అన్నది ముందుగా తేల్చుకోండి.

ముందు లెక్క చూడండి

10 మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు 40 చెట్లు. రెండెకరాలకు 80, యాభై ఎకరాలకు 2,000. ముదురు చెట్టుకు 10 లీటర్ల మందు నీళ్లు అనుకున్నా మీకు 800 లీటర్లు చాలు, పెద్ద తోటకు 20,000 లీటర్లు కావాలి. మీది ఒక రోజు పని. వారిది ఎన్ని స్ప్రేయర్లు పెట్టినా కొన్ని రోజుల పని. పురుగు కనిపించాక మొదలుపెడితే చివరి చెట్టు దగ్గరికి వెళ్లేసరికి పూత పోతుంది. అందుకని వారు తేదీలు పెట్టుకుని ముందుగానే కొడతారు. ఆ తొందర మీకు అవసరం లేదు. మీరు చూసి, అవసరమైతేనే కొట్టవచ్చు.

మీరే స్వయంగా చేసుకోవాల్సినవి

1. పూత పరిశీలన: పూమొగ్గ కనిపించినప్పటి నుంచి వారానికి రెండుసార్లు ఉదయం పూట తోట తిరగండి. అక్కడక్కడా 10 చెట్లు ఎంచుకుని, చెట్టుకు నాలుగు వైపులా ఒక్కో పూగుత్తి చొప్పున 40 గుత్తుల మీద తేనెమంచు పురుగులను లెక్కపెట్టండి. మొత్తం 200 దాటితే, అంటే గుత్తికి సగటున 5 దాటితే, మందు అవసరం. పురుగు బెరడు పగుళ్లలోనూ దాక్కుంటుంది కాబట్టి కొమ్మలతో పాటు మానూ తడపాలి. పూత పూర్తిగా విచ్చుకున్న రోజుల్లో కొట్టవద్దు. పరాగసంపర్కం చేసే ఈగలు, తేనెటీగలు చస్తే పిందె తగ్గుతుంది.

2. నీరు: పూతకు ముందు నీరు ఆపి, పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ ఇవ్వడం మీ చేతిలో పని.

3. కోత: పెద్ద తోటలో కూలీల వీలును బట్టి ఒకేసారి కోస్తారు. మీరు ముదిరిన కాయ చూసి రెండు మూడు దఫాలుగా కోయవచ్చు. చిక్కంతో, తొడిమ ఉంచి కోయండి. సొన కారితే కాయ మీద మచ్చ పడి ధర పడిపోతుంది.

4. కవర్లు: నిమ్మకాయ సైజు దాటిన బంగినపల్లి కాయలకు కవర్లు తొడగడం ఇంటిల్లిపాదీ చేసుకోగల పని. 2,000 చెట్లకు తొడిగించడం తేలిక కాదు.

పది మందితో కలిసి చేయాల్సినవి

పండు ఈగకు గట్టు అడ్డం కాదు. మిథైల్ యూజినాల్ ఎర బుట్టల్లో మగ ఈగలు మాత్రమే పడతాయి. మీ ఒక్క తోటలోనే కడితే, పక్క తోటలో జతకట్టిన ఆడ ఈగ వచ్చి మీ కాయలో గుడ్లు పెడుతుంది. యాభై ఎకరాల ఆసామికి ఉన్న బలం ఇదే: అంత విస్తీర్ణంలో ఒకేసారి కట్టించగలడు. పక్కపక్కనే ఉన్న రైతులు ఒకే వారంలో బుట్టలు కట్టి, రాలిన కాయలు ఏరి గోతిలో పూడ్చితే మీకూ ఆ బలం వస్తుంది.

స్ప్రేయరు విషయమూ అంతే. 80 చెట్ల కోసం సొంతంగా కొనడం కంటే కలిసి అద్దెకు తెచ్చుకోవడం మేలు.

అమ్మకం ఇంకా ముఖ్యం. దఫాకు మీకు 2 టన్నులు వచ్చాయనుకోండి, ఒక్కరికి లారీ నిండదు. ఒకే రకం కాయ ఉన్న ఐదుగురు ఒకే రోజు కోస్తే 10 టన్నులు. నున్న మార్కెట్‌కు కలిసి తీసుకెళ్లినా, వ్యాపారినే తోటకు పిలిచినా, కాటా, తరుగు, కమీషన్ గురించి మాట్లాడే బలం అప్పుడు వస్తుంది. కాయ సైజు, ముదురు ముందే ఒప్పుకోండి. ఎవరి ట్రేల మీద వారి నంబరు వేయండి. గొడవలు వచ్చేది అక్కడే. ఈ పద్ధతి రెండు సీజన్లు సాఫీగా నడిచాక ఉత్పత్తిదారుల కంపెనీ గురించి ఆలోచించవచ్చు. చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్‌కు కనీసం 10 మంది రైతులు చాలు.

పూత మీద తోట అమ్మేటప్పుడు

చేతిలో డబ్బు లేక పూత మీదే తోట అమ్ముకునే రైతులు చాలామంది. యాభై ఎకరాల ఆసామికి ఒక సీజను పోతే నష్టం. మీకు 80 చెట్లు దెబ్బతింటే బతుకుదెరువే పోతుంది. కొన్న వ్యాపారికి కావాల్సింది ఒక్క కాపు, మీకు కావాల్సింది చెట్టు. పాక్లోబ్యూట్రజాల్ అంటే కల్టార్ మోతాదు మించితే చిగుళ్లు గిడసబారతాయి, అది నేలలో చాలాకాలం నిలిచి ఉంటుంది. కాబట్టి ఏ మందు, ఎంత, ఎప్పుడు అనేది మీ అనుమతితోనే జరగాలని కాగితం మీద రాయించుకోండి. చివరి మందుకూ కోతకూ మధ్య డబ్బా మీద రాసినన్ని రోజులు ఆగాలని కూడా అందులో చేర్చండి.

పెద్ద తోట నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది

అది లెక్కల పుస్తకం. అన్ని చెట్లూ తానే చూడలేడు కాబట్టి పెద్ద ఆసామి రాయించుకుంటాడు. మనకు గుర్తుంటుందిలే అని చిన్న రైతు వదిలేస్తాడు. ఒక నోటుబుక్కు పెట్టి చెట్టుకో నంబరు ఇవ్వండి. పూత తేదీ, కొట్టిన మందు, కూలి, కోసిన కాయ రాయండి. మూడేళ్లు రాస్తే కాపు ఇవ్వని చెట్లేవో, వృథా ఖర్చు ఏదో మీకే తెలుస్తుంది. మందు ఎంపికకు ఆ పుస్తకంతో రైతు సేవా కేంద్రానికి గానీ, ఉద్యాన అధికారి దగ్గరకు గానీ వెళితే మీ తోటకు సరిపోయే సలహా దొరుకుతుంది.