గోడలున్న ఆటలో బాదుడు బ్యాటు

పాడెల్ ఆడేవాళ్ళు మన ఐటీ జనాల్లో ఈ రెండు మూడేళ్ళలో బాగానే పెరిగారు. హైదరాబాదులోనూ కోర్టులు వచ్చాయి. దుబాయిలో ఉన్న మనవాళ్ళ సంగతి సరే సరి, అక్కడ ఎప్పట్నుంచో ఇదే గోల. ఓ ఏడాది ఆడి, నాలుగు మ్యాచులు గెలిచాక అందరికీ వచ్చే ఆలోచన ఒకటే: "ఇక డైమండ్ బ్యాటు కొనెయ్యాలి". కొట్లో మూడు రకాలుంటాయి. గుండ్రంది, కన్నీటిబొట్టు ఆకారంది, డైమండ్‌ది. మూడోదాని మీద "ఎటాక్" అనీ "అడ్వాన్స్‌డ్" అనీ రాసుంటుంది. మనల్ని మనం బిగినర్లమని ఒప్పుకునే జాతి కాదు కదా మనది, చెయ్యి నేరుగా అటే పోతుంది. మూడొందల యూరోలు పెట్టి కొనేముందు ఆ ఆకారం ఎందుకు పుట్టిందో తెలుసుకుంటే నష్టం లేదని నా ఉద్దేశం.

కథ మెక్సికోలో మొదలవుతుంది. 1969లో అకపుల్కోలో ఎన్రికే కోర్కువేరా అనే ధనవంతుడు తన ఇంటి దగ్గర టెన్నిస్ కోర్టుకి చాలినంత జాగా లేక, ఉన్నంతలో చిన్న కోర్టు వేయించి చుట్టూ గోడలు కట్టించాడు. ఇరవై మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. ఈ రోజుకీ కోర్టు కొలత అదే. బ్యాటుగా తీగల్లేని చెక్క పలక. అంతకుముందు 1928లో న్యూయార్క్ దగ్గర స్కార్స్‌డేల్‌లో ప్లాట్‌ఫాం టెన్నిస్ అనే ఆట పుట్టింది, అందులోనూ ఇలాంటి చెక్క పలకలే. 1974లో అల్ఫోన్సో హోహెన్‌లోహే ఈ ఆటని స్పెయిన్‌లోని మార్బెయాకి తీసుకెళ్ళి తన క్లబ్బులో కోర్టులు కట్టించాడు. అక్కణ్ణుంచి అర్జెంటీనా. ఆట నిజంగా పెరిగింది అక్కడే. స్పానిష్‌లో ఈ బ్యాటుని "పాలా" అంటారు. మట్టి తవ్వే పారకి కూడా వాళ్ళ మాట అదే! (మన పారకీ వాళ్ళ పాలాకీ చుట్టరికం ఏమీ లేదు లెండి, చెవికి బావుందని చెప్పానంతే.)

ఇప్పుడు ఆ గోడ గురించి ఆలోచించండి. టెన్నిస్‌లో ఎంత గట్టిగా కొడితే అంత లాభం, గీత లోపల పడితే చాలు. పాడెల్‌లో అలా కాదు. బంతి నేల మీద ఒకసారి పడి, వెనక అద్దానికి తగిలి, మళ్ళీ లేచి కోర్టు మధ్యకి వచ్చేస్తుంది. మీరు ప్రాణం పెట్టి కొట్టిన స్మాష్, అవతలివాడికి నడుం ఎత్తులో పళ్ళెంలో పెట్టిచ్చిన బంతి అవుతుంది. గట్టిగా కొట్టేకొద్దీ వాడి పని ఇంకా తేలిక. మరి బలానికి విలువే లేదా అంటే, ఉంది. ఒక హద్దు దాటాక. నేల మీద పడ్డ బంతి పక్కనున్న మూడు మీటర్ల కంచె మీదుగా బయటికి ఎగిరిపోతే పాయింటు దాదాపు మీదే (తలుపులోంచి పరిగెత్తుకెళ్ళి బయట్నుంచి తిరిగి కొట్టేవాళ్ళూ ఉన్నారు, అది వేరే సర్కసు). దాన్నే స్పానిష్‌వాళ్ళు "పోర్ త్రెస్" అంటారు. వెనకున్న నాలుగు మీటర్ల ఎత్తుని దాటిస్తే "పోర్ క్వాత్రో". అంటే బలానికీ ఫలితానికీ మధ్య ఉన్నది సరళరేఖ కాదు, మెట్టు. మెట్టుకి ఇవతల ఉన్నంతసేపూ అదనపు బలం మీకే ఎదురుతిరుగుతుంది. ఎటాక్ బ్యాటు ఉన్నది ఆ ఒక్క మెట్టు దాటించడానికి.

కాకలు తీరినవాళ్ళు ఓవర్‌హెడ్‌లలో చాలామటుకు స్మాష్ కొట్టకుండా "బందేహా", "వీబొరా" అనే కోత దెబ్బలు కొట్టేది కూడా అందుకే. బంతి గోడకి తగిలాక లేవకుండా కిందే చావాలని. హువాన్ మార్తిన్ దియాస్, ఫెర్నాందో బెలాస్తెగీన్ 2002 నుంచి పదమూడేళ్ళపాటు ప్రపంచ నంబర్ వన్ జోడీగా ఉన్నారు. ఎడంచేతి దియాస్ బంతిని బయటికి బాదేవాడు. బెలా నలుమూలలా ఓపిగ్గా ఆడి ఆ బంతిని దియాస్ కోసం తయారుచేసేవాడు. జోడీలో బాదేవాడు ఒక్కడుంటే సరిపోయింది.

సరే, బలం బ్యాటులో ఎక్కణ్ణుంచి వస్తుంది? తీగలు లేవు కాబట్టి టెన్నిస్ లెక్కలు ఇక్కడ నేరుగా పనికిరావు. దీనికి దగ్గర చుట్టం టేబుల్ టెన్నిస్. అక్కడ తీగల్లేని బ్యాటు చేసిన గొడవ జరిగింది మన దేశంలోనే. 1952లో బొంబాయిలో ప్రపంచ ఛాంపియన్‌షిప్పులు జరిగాయి, ఆసియాలో అవే మొదటివి. జపాన్ నుంచి హిరోజి సాతో అనే కుర్రాడు చెక్కకి మందపాటి స్పాంజి అంటించుకుని వచ్చాడు. అప్పటిదాకా అందరివీ సన్నటి బుడిపెల రబ్బరు బ్యాట్లు. తగిలితే టక్కుమని చప్పుడొచ్చేది, ఆ చప్పుడుని బట్టే అవతలివాడు దెబ్బని అంచనా వేసేవాడు. స్పాంజి చప్పుడు చెయ్యలేదు. బంతి లోపలికి దిగి, నొక్కుకుని, విసురుగా బయటికొచ్చింది. సాతో ఫైనల్లో హంగరీ ఆటగాడు కోత్సియాన్‌ని ఓడించి ఛాంపియన్ అయ్యాడు. 1959లో అంతర్జాతీయ సమాఖ్య ఒట్టి స్పాంజిని నిషేధించి, రబ్బరు కప్పిన స్పాంజి మొత్తం మందం నాలుగు మిల్లీమీటర్లు దాటకూడదని రూలు పెట్టింది.

టెన్నిస్ వాళ్ళు ఈ పాఠం ఇంకా ఆలస్యంగా నేర్చుకున్నారు. 1977 దాకా వాళ్ళ రూల్సు పుస్తకంలో రాకెట్ అంటే ఏమిటో నిర్వచనమే లేదంటే నమ్ముతారా! డాక్యుమెంటేషన్ లేని మాడ్యూలులాగా అందరూ "అదేంటో అందరికీ తెలుసు" అనుకున్నారు. వెర్నర్ ఫిషర్ అనే జర్మన్ రెండు పొరల తీగలతో "స్పగెట్టి రాకెట్" చేశాడు. బంతి ఎలా తిరుగుతుందో ఎవడికీ అంతుబట్టేది కాదు. పారిస్‌లో అలాంటి బ్యాటు చేతిలో ఓడిన నస్తాసే, కొద్దిరోజులకే తనూ అదే పట్టుకుని ఎక్సాం ప్రొవాన్స్‌లో గియెర్మో విలాస్ మీద రెండు సెట్లు గెలిచాడు. విలాస్ ఇక ఆడనని వెళ్ళిపోయాడు. మట్టి కోర్టు మీద అతని వరుస 53 విజయాలు అక్కడితో ఆగాయి. స్పగెట్టిని వెంటనే ఆపేశారు, 1978లో రాకెట్‌కి నిర్వచనం రాశారు.

ఆ రోజుల్లోనే హోవర్డ్ హెడ్ ఇంకో దారి పట్టాడు. ఈయన విమానాల ఫ్యాక్టరీలో ఇంజనీరు, లోహపు స్కీలు చేసి డబ్బు గడించినవాడు. టెన్నిస్ మాత్రం అంతంతమాత్రమే. బంతి మధ్యలో తగలనప్పుడల్లా రాకెట్ చేతిలో మెలి తిరిగిపోతోందని విసుగెత్తి, ముఖాన్ని పెద్దది చేసేశాడు. అప్పటి చెక్క రాకెట్ ముఖం సుమారు 70 చదరపు అంగుళాలు, ఈయన 1976లో పేటెంట్ తీసుకుని చేసిన ప్రిన్స్ రాకెట్‌ది 110. మొదట్లో అందరూ నవ్వారు. 1978లో పదహారేళ్ళ పామ్ శ్రైవర్ దాంతోనే యూఎస్ ఓపెన్ ఫైనల్ దాకా వెళ్ళింది. ఇది తప్పుల్ని క్షమించే బ్యాటు. వెడల్పు ఎక్కువ కాబట్టి అంచున తగిలినా మెలి తిరగదు.

పాడెల్‌లో హెడ్ గారి దారి మూసేసుంది. పొడవు 45.5 సెంటీమీటర్లు, వెడల్పు 26, మందం 38 మిల్లీమీటర్లు, అంతకు మించితే ఒప్పుకోరు. పెద్దది చెయ్యలేరు, మందం పెంచలేరు. అందుకని కంపెనీల చేతిలో మిగిలింది లోపలి సర్దుబాటే: బరువు ఎక్కడ పెట్టాలి, నురుగు ఎంత గట్టిగా ఉండాలి, పైపొర ఎంత బిరుసుగా ఉండాలి. డైమండ్ అంటే వెడల్పునీ బరువునీ పైకి జరపడం. ఇంటర్ ఫిజిక్సు గుర్తుందా, జడత్వ భ్రామకం? బరువు ఇంటూ దూరం స్క్వేరు. తిప్పే కేంద్రం నుంచి 20 సెంటీమీటర్ల దగ్గరున్న ఐదు గ్రాముల్ని 35 దగ్గరికి జరిపితే, తూకంలో తేడా రాదు గానీ తిప్పడానికి ఆ ఐదు గ్రాములూ మూడు రెట్లు బరువవుతాయి. పూర్తిగా చెయ్యెత్తి, టైం తీసుకుని కొట్టే స్మాష్‌లో ఆ మూడు రెట్లూ బంతికి అందుతాయి. నెట్ దగ్గర అరక్షణంలో అడ్డుపెట్టాల్సిన వాలీలో అవే మీ మణికట్టుని ఆలస్యం చేస్తాయి. పైగా స్వీట్ స్పాట్ చిన్నదై పైకి వెళ్ళిపోతుంది. కింద తగిలిన బంతి బలహీనంగా పోతుంది, ఆ అదురంతా మోచేతికి వస్తుంది. రోజంతా మౌసు పట్టుకుని ఆ నరాన్ని ముందే అరగదీసుకున్నవాళ్ళం మనం. ఫిజియోథెరపిస్టు ఫీజు కూడా బ్యాటు ధరలో కలిపి చూసుకోవాలి.

ఇంకో మాయ "18కె కార్బన్". అది గట్టిదనానికి కొలత కాదు, ఒక పోగులో పద్దెనిమిది వేల సన్నటి నారలున్నాయని మాత్రమే చెబుతుంది. ఒకప్పుడు కెమెరాల మెగాపిక్సెళ్ళు లెక్కపెట్టి కొన్నట్టు దీన్ని చూసి కొనొద్దు.

ఇంతకీ ఎవరు కొనాలి? నా లెక్క ఇది. మీ చేతిలో ఉన్న గుండ్రటి బ్యాటుతో, నెట్‌కి రెండు మూడు మీటర్ల దూరంలో పడే తేలికపాటి లాబ్‌ని పదిసార్లు కొట్టండి. కనీసం నాలుగైదు పక్క కంచె అంచుదాకా లేస్తుంటే మీరు మెట్టు దగ్గరే ఉన్నారు, డైమండ్ మిమ్మల్ని దాటిస్తుంది. ఒక్కటీ అటు చేరకపోతే అది బ్యాటుతో తీరేది కాదు, భుజం, టైమింగు చూసుకోవాలి. పరీక్ష ఎండాకాలం మధ్యాహ్నం పెట్టుకోకండి. వేడికి బంతి బాగా ఎగురుతుంది, లోపలి నురుగు కూడా మెత్తబడుతుంది, మే నెల హైదరాబాదులో ప్రతివాడూ దియాస్‌లాగే కనిపిస్తాడు. చలికాలం పొద్దున్నే అదే నురుగు బిగుసుకుపోతుంది కాబట్టి గట్టి నురుగుది కొనేముందు ఆ టైములోనూ ఒకసారి ఆడి చూడండి. చాలా క్లబ్బుల్లో అద్దెకిస్తారు. మీ పార్ట్‌నర్ బాదే రకమైతే మీకసలు దాని అవసరమే రాకపోవచ్చు.

పెద్దవాళ్ళనే చూసి కొంటామంటే అగుస్తీన్ తాపియాని చూడండి. 2023లో కోయెయోతో కలిసి నంబర్ వన్ అయినవాడు, చూడ్డానికి ఇంతకంటే దూకుడైన ఆటగాడు దొరకడు. అతని పేరు మీద నాక్స్ కంపెనీ అమ్మిన ఏటీ10 బ్యాటు డైమండ్ కాదు, కన్నీటిబొట్టు ఆకారం.