వాట్ల మీద లైసెన్సు

మా వట్లూరులో రేడియో ఉన్న ఇంట్లో ఒకప్పుడు లైసెన్సు పుస్తకం కూడా ఉండేది. ఏటేటా పోస్టాఫీసుకెళ్ళి డబ్బు కట్టి, అందులో స్టాంపు వేయించుకు రావాలి. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. దాని పాటలు, వార్తలు, పొలం కబుర్లు వినాలన్నా సర్కారు అనుమతి ఉండాల్సిందే. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఒకటి, దానికి తోడు 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ఇంకొకటి. ఆ రెండోది మరీ గట్టిది. అనుమతి లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరమంది. మా తాతయ్య ఆ పుస్తకాన్ని పొలం కాగితాలతో కలిపి ట్రంకుపెట్టెలో దాచేవాడు. 1980ల నడుమ ఆ లైసెన్సు ఎత్తేశారు.

నేను చదివింది ఈ ఊళ్ళోనే, సర్ సీఆర్‌రెడ్డి ఇంజినీరింగు కాలేజీలో. ఇప్పుడు నా పని వైర్‌లెస్ పరికరాలను సర్టిఫికెట్ కోసం పరీక్షించడం. తాతయ్య కాలంలో సర్కారు అడిగింది ‘ఈ సెట్టు ఎవరిది?’ అని. నా బల్ల మీద అడిగేది ‘ఇది ఎంత పవరుతో పంపుతుంది?’ అని. అనుమతి మనిషి మీంచి వాట్ల మీదికి మారిన ఈ కథ మన చేపల చెరువుల దాకా వచ్చింది కాబట్టే రాస్తున్నాను.

మలుపు మన దేశంలో మొదలవలేదు. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలను 1947లోనే వేడిచేసే యంత్రాలకు, పరిశ్రమలకు వదిలేశారు. మైక్రోవేవ్ ఓవెన్లు పనిచేసేది అక్కడే. ఆ రొదలో ఎలాగూ ఎవరూ ఉండరు కదా, తక్కువ పవరుతో, సిగ్నల్‌ని వెడల్పుగా పరిచి పంపుకునేవాళ్ళకు లైసెన్సు లేకుండా ఇద్దామని అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీలో మైకేల్ మార్కస్ అనే ఇంజినీరు పట్టుబట్టారు. 1985 మే 9న అది నిబంధన అయింది. పరిమితి ఒక వాట్. ఈనాటి వైఫై అంతా ఆ ఒక్క వాట్ నీడలో పెరిగిందే. యూరప్ మరీ పొదుపు, అక్కడ 100 మిల్లీవాట్లే.

మన దగ్గర 1952 నుంచి ఈ వ్యవహారం చూస్తున్నది కేంద్రంలోని డబ్ల్యూపీసీ విభాగం. 2005 జనవరిలో 2.4 బ్యాండుకు లైసెన్సు తీసేస్తూ అది రాసిన షరతులు చూడండి: ట్రాన్స్‌మిటర్ పవరు ఒక వాట్, యాంటెన్నాతో కలిపి నాలుగు వాట్లు, బయట పెడితే యాంటెన్నా ఇంటి కప్పు మీంచి 5 మీటర్లు దాటకూడదు. ఒక వాట్ అంటే మా లెక్కలో 30 డీబీఎం, నాలుగంటే 36. మధ్యలో ఉన్న 6 యాంటెన్నా వాటా. చెరువు షెడ్డు నుంచి ఇంటికి కెమెరా బొమ్మ పంపాలని 24 డీబీ డిష్ బిగిస్తే, రేడియోకి మిగిలేది 12 డీబీఎం, అంటే పదహారు మిల్లీవాట్లు. డిష్ పెద్దదైన కొద్దీ రేడియో చిన్నది కావాలి. అదే ఏడాది మార్చిలో 865–867 మెగాహెర్ట్జ్‌నూ వదిలారు. కొల్లేటి గట్ల మీది సెన్సర్లు నడిచేది ఇందులోనే. 2021లో దాన్ని 868 దాకా పెంచారు.

చేపల చెరువులకు ఇది ఎందుకంటే, డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోయేది తెల్లవారుజామున. అది తగ్గితే బొచ్చె, శీలావతి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. అప్పటికి ఏరేటర్ తిరగకపోతే ఏడాది కష్టం పోయినట్టే. నీళ్ళలో వేసిన సెన్సరు గంటగంటకీ కొలిచి, ఎక్కడో ఉన్న రైతు ఫోనుకి చెప్పాలి.

అలాంటి పెట్టె ఒకటి నా బల్ల మీదికొస్తే ముందు యాంటెన్నా తీసేసి ఆ చోట కేబులు బిగిస్తాను. మధ్యలో 30 డీబీ అటెన్యుయేటర్, అవతల స్పెక్ట్రమ్ ఎనలైజర్. టెస్ట్ మోడ్‌లో 865.0625, 865.4025, 865.985 మెగాహెర్ట్జ్ చానెళ్ళలో ఒక్కోదాన్నీ ఆపకుండా పంపిస్తాను. చిప్ 20 డీబీఎం ఇవ్వగలదు, అంటే 100 మిల్లీవాట్లు. ఈ బ్యాండులోనూ పరిమితి ఒక వాట్ కదా, ఇంకేం భయమనిపిస్తుంది. భయం అసలు చానెల్లో కాదు, దానికి రెట్టింపు దగ్గర. 865కి రెట్టింపు 1730. ఫోన్లు టవరుతో మాట్లాడే 1710–1785 బ్యాండు లోపలే అది. పవరు ఒక డీబీ పెంచితే ఈ రెండో హార్మోనిక్ ఇంచుమించు రెండు డీబీలు లేస్తుంది. 14 దగ్గర కనబడని గీత 20 దగ్గర పుల్లలా నిలబడుతుంది.

ఇక్కడే పరీక్షకు ఏ పవరు ఎంచుకోవాలన్న ప్రశ్న. 14 పెట్టి సులువుగా పాసవొచ్చు, తరవాత సాఫ్ట్‌వేర్‌లో 20 చేసి అమ్మొచ్చు. అలా అడిగినవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. కొన్నవాడి చేతిలో ఆ పెట్టె చేరగలిగే అతి పెద్ద పవరు దగ్గర, దాంతో అమ్మే అతి పెద్ద యాంటెన్నాతో పరీక్షించాలి. అక్కడ ఫెయిలైతే పవరు తగ్గించి, ఆ తగ్గించిన అంకెనే సాఫ్ట్‌వేర్‌లో తాళం వేయాలి. అలాగని చిప్ చేయగలిగినంతా చూడక్కర్లేదు. పెట్టె ఎన్నడూ వాడని పవరు దగ్గర వచ్చిన ఫలితం దాని గురించి ఏమీ చెప్పదు. వైఫై పెట్టెల్లో ఇంకో మెలిక ఉంది. నడిమి చానెల్లో సరిపోయిన పవరు బ్యాండు అంచు చానెళ్ళలో 2483.5 గీత దాటి చిందుతుంది. అందుకని చివరి చానెళ్ళకు విడిగా తక్కువ అంకె రాస్తాం. ఆ పట్టికే మా రిపోర్టుకి ప్రాణం.

అమెరికా కోసం చేసిన 915 మెగాహెర్ట్జ్ మాడ్యూళ్ళు చవగ్గా దొరుకుతాయని ఇక్కడ పెట్టేవాళ్ళనూ చూశాను. మన దగ్గర 890 నుంచి 915 దాకా ఫోన్ల అప్‌లింకు. అక్కడ పవరు ఎంత తగ్గించినా అది తప్పే.

ఆకివీడు దగ్గర ఒక రైతు నన్నడిగాడు: “ఏమ్మా, పవరు కాస్త పెంచేస్తే అవతలి చెరువు దాకా పోద్ది కదా?” “పవరు వద్దు బాబాయ్, ఆ యాంటెన్నాని ఏరేటర్ స్విచ్చు పెట్టె పక్కనుంచి తీసి వెదురుగడ మీద ఎత్తండి” అన్నాను. పవరు రెట్టింపు చేస్తే వచ్చేది 3 డీబీ. మన కొల్లేరులాంటి చదును మీద, దూరానికి, యాంటెన్నా ఎత్తు రెట్టింపు చేస్తే 6 డీబీ వస్తుంది. అంటే పవరు నాలుగింతలు చేసినట్టు. బ్యాటరీ ఖర్చు లేదు.

2019 నుంచి చాలా రకాల పరికరాలకు సరళ్ సంచార్ పోర్టల్‌లో తయారీదారు తానే ప్రకటించి అనుమతి పత్రం తీసుకోవచ్చు. 1885, 1933 చట్టాల స్థానంలో 2023లో కొత్త టెలికాం చట్టం వచ్చింది. ఇప్పుడు తయారీదారు ప్రకటనకు ఆధారం ల్యాబు రిపోర్టే. అందుకే పవరు అంకె పక్కనే ఫర్మ్‌వేర్ వెర్షను, యాంటెన్నా గెయిన్, కేబులు పొడవు, బ్యాటరీ వోల్టేజీ కూడా రాస్తాను. ఆ నాలుగూ లేని రిపోర్టు మీద నేను సంతకం పెట్టను.