నలభై దాటిన పరుగు

మన సినిమాల్లో హెడ్డు కానిస్టేబులుకి బొజ్జ ఉండి తీరాలి. దొంగ గోడ దూకి పారిపోతే ఆయన గోడ దగ్గరే ఆగి ఆయాసపడాలి. హాల్లో జనం నవ్వాలి. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు! ఉద్యోగంలో చేరేనాడు టేపు పెట్టి ఛాతీ కొలిచారు, పరుగెత్తించారు, దూకించారు. ఇరవై ఏళ్ళు గడిచాక ఆ టేపుని మళ్ళీ బయటికి తీసేవాళ్ళు తక్కువ.

అయితే నలభై దాటిన పోలీసు ఎందుకూ పనికిరాడని ఎవరైనా అంటే నమ్మకండి. అలాంటివాళ్ళు ఒకప్పుడు ఒలింపిక్స్‌లోనే నెగ్గుకొచ్చారు.

1908లో లండన్ ఒలింపిక్స్‌లో తాడులాగుడు పోటీ ఉండేది. మూడు పతకాలూ పోలీసులకే దక్కాయి. లండన్ సిటీ పోలీసులు మొదట, లివర్‌పూల్ పోలీసులు తరవాత, లండన్ మెట్రోపాలిటన్ పోలీసుల్లో ‘కె’ డివిజన్ వాళ్ళు మూడోది. లివర్‌పూల్ వాళ్ళ బరువైన బూట్లు చూసి అమెరికా జట్టు అభ్యంతరం చెప్పింది. ‘ఇవి మేం రోజూ డ్యూటీకి వేసుకునేవే’ అన్నది అవతలివాళ్ళ జవాబు! అప్పుడు గెలిచిన సిటీ పోలీసు ఫ్రెడరిక్ హంఫ్రీస్, 1920లో ఆంట్‌వెర్ప్‌లో ఇంకో స్వర్ణం గెలిచాడు. అప్పటికి ఆయన వయసు 42.

అదే ఆంట్‌వెర్ప్‌లో అదే వయసువాడు ఇంకొకాయన ఉన్నాడు. పేరు పాట్రిక్ మెక్‌డొనాల్డ్. ఐర్లండులో పుట్టి, న్యూయార్కు పోలీసుల్లో చేరి, టైమ్స్ స్క్వేర్ కూడలిలో ట్రాఫిక్ నడిపించినవాడు. 1912లో షాట్‌పుట్‌లో స్వర్ణం సంపాదించాడు. ఎనిమిదేళ్ళ తరవాత 56 పౌన్ల గుండు విసిరి మరోటి తెచ్చుకున్నాడు. అథ్లెటిక్స్‌లో అంత వయసులో ఒలింపిక్ స్వర్ణం గెలిచినవాడు ఈనాటికీ మరొకడు లేడు. ఆ దళంలోనే పనిచేసిన మాట్ మెక్‌గ్రాత్ 45 దాటాక, 1924లో పారిస్‌లో హ్యామర్ విసిరి రజతం పట్టుకెళ్ళాడు. ఈ భారీ మనుషులకి ‘ఐరిష్ తిమింగలాలు’ అని ముద్దుపేరు.

ఆ తరవాత కాలం మారింది. ఆటలు కుర్రకారు సొత్తయిపోయాయి. ముప్పై దాటినవాడు లాగు తొడుక్కుని మైదానంలోకి దిగితే చూసినవాళ్ళు వింతగా చూసే రోజులొచ్చాయి.

మళ్ళీ మలుపు తిరిగింది అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్‌డియాగోలో. 1967లో ఆ రాష్ట్రపు పోలీసులు తమకోసం ఒక క్రీడోత్సవం మొదలుపెట్టారు. మరుసటి ఏడే అదే ఊళ్ళో డేవిడ్ పెయిన్ అనే వకీలు, నలభై పైబడ్డవాళ్ళని పోగేసి మాస్టర్స్ అథ్లెటిక్స్ జాతీయ పోటీలు జరిపించాడు. మాస్టర్స్ అంటే మేష్టర్లు కాదండోయ్, వయసు మళ్ళిన క్రీడాకారులు. కిటుకు చిన్నదే. అయిదేసి ఏళ్ళ చొప్పున జట్లు కడతారు. నలభై రెండేళ్ళవాడు నలభై నాలుగేళ్ళవాడితో పరుగెత్తాలిగాని, ఇరవై ఏళ్ళ కుర్రాడితో కాదు. వయసు పెరిగేకొద్దీ హర్డిల్ ఎత్తు తగ్గుతుంది, గుండు బరువూ తగ్గుతుంది. 1975లో టొరంటోలో ప్రపంచస్థాయి పోటీలు కూడా జరిగాయి.

పోలీసుల పండగా పెరిగి పెద్దదయింది. 1985లో శాన్‌హోసేలో అగ్నిమాపక దళాలతో కలిసి ప్రపంచ పోలీస్, ఫైర్ క్రీడలుగా మారింది. రెండేళ్ళకోసారి జరుగుతుంది. రిటైరైనవాళ్ళు కూడా పోటీ చెయ్యొచ్చు. వయసు తరగతులు ఇక్కడా ఉన్నాయి. అన్నిట్లోకీ మొండిది ఒక పోటీ ఉంది: అయిదు కిలోమీటర్ల పరుగు, షాట్‌పుట్, వందమీటర్ల పరుగు, ఈత, తాడెక్కడం, బరువులెత్తడం, పుల్‌అప్స్, అడ్డంకుల దారి. ఎనిమిదీ ఒక్క మనిషే చెయ్యాలి!

ఇదంతా సరదాకేనా అంటే, కాదు. ఫైరుస్టేషన్‌లో మనిషి నిద్రలో ఉంటాడు. గంట మోగుతుంది. గుండె ఒక్కసారి గంతేస్తుంది. బరువైన కోటు, వీపున గాలిసిలిండరు, ఎదురుగా మంట. అమెరికాలో డ్యూటీలో ఉండగా చనిపోయే అగ్నిమాపక సిబ్బందిలో నూటికి 45 మంది గుండెజబ్బుతోనే పోతున్నారని 2007లో వెలువడిన పరిశోధన చెప్పింది. వాళ్ళ పనికాలంలో మంటలార్పేది నూటికి ఒకటి నుంచి అయిదు వంతులే. గుండెజబ్బు చావుల్లో మూడోవంతు జరిగేది మాత్రం ఆ కాస్త సమయంలోనే. మంటకి ఎదురెళ్ళినవాణ్ణి లోపల గుండె పడగొడుతోందన్నమాట.

2001 జూన్‌లో ఈ క్రీడలు ఇండియానాపోలిస్‌లో జరిగాయి. మూడు నెలలు తిరక్కుండానే న్యూయార్కు జంట భవనాలు కూలి 343 మంది అగ్నిమాపక సిబ్బంది పోయారు. జనం మెట్లు దిగుతుంటే వాళ్ళు ఎక్కారు. ఆ పదో ఏట, 2011లో, క్రీడలు న్యూయార్కులోనే జరిగాయి.

2029 క్రీడలు మన అహ్మదాబాదు ప్రాంతానికి దక్కాయి. పతకాలు వస్తాయి, రానీయండి, సంతోషమే. అంతకన్నా మేలైన పని ఒకటుంది. ఉద్యోగంలో చేరేనాడు వాడిన ఆ టేపుని ప్రతి స్టేషన్‌లోనూ ఏడాదికోసారి బయటికి తీయడం. వెక్కిరించడానికి కాదు సుమండీ, మనిషిని ఇంటికి భద్రంగా పంపడానికి.